జిర్కోనియం ఆత్మకథ

తన జీవితాన్ని ఇక్కడ చెప్పుకుంటున్నది జిర్కోనియం అనే లోహం. దానికి నోరు లేదు గనుక ఈ ఆత్మకథ ప్రథమ పురుషలోనే నడుస్తుంది. సముద్రతీరపు ఇసుకలో జిర్కాన్ అనే ఖనిజంగా ఉండే ఈ లోహం ఒంటరిగా దొరకదు, దాని వెంట నూటికి రెండు పాళ్ల దాకా హాఫ్నియం ఉండి తీరుతుంది. రెండింటి పరమాణువుల పరిమాణం దాదాపు ఒకటే, రసాయన స్వభావమూ ఒకటే. ఒక్క విషయంలో మాత్రం ఈ తోబుట్టువులకు పొసగదు. అణు రియాక్టర్‌లో గొలుసు చర్యను నడిపించే న్యూట్రాన్లను జిర్కోనియం దాదాపు అడ్డుకోకుండా పోనిస్తే, హాఫ్నియం అంతకు సుమారు 600 రెట్లు ఎక్కువగా వాటిని మింగేస్తుంది. అందువల్ల యురేనియం ఇంధనానికి తొడుగు గొట్టం కావాలంటే జిర్కోనియం ముందుగా హాఫ్నియంను వదులుకోవాలి.

ఆ ఎడబాటు హైదరాబాద్ ఉత్తర శివారులోనే జరుగుతుంది. 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఈసీఐఎల్ అనే ప్రాంతంలో, నేటి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉంది. అక్కడ ఇసుకను కాస్టిక్ సోడాతో వేడిచేసి, నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, దానికి ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే ద్రావకాన్ని జోడిస్తే జిర్కోనియం ద్రావకంలోకి చేరుతుంది, హాఫ్నియం ఆమ్లంలోనే మిగిలిపోతుంది. అటుపైన ఆక్సైడుగా, క్లోరైడుగా మారి, మెగ్నీషియంతో చర్య జరిపి, చివరకు స్పాంజ్ అని పిలిచే బూడిదరంగు గుల్ల ముద్దగా ఈ లోహం బయటికి వస్తుంది.

చాలా ముద్దలు గొట్టాలవుతాయి. ఈ కథలోని 7.7 గ్రాముల ముక్క మాత్రం అదే జిల్లాలో షామీర్‌పేట వైపున్న ఒక ప్రయోగశాలకు చేరింది, అక్కడ దాని కోసం ఎదురుచూస్తున్న పొట్లాల్లో ఒకటి హాఫ్నియంది. విడదీయడానికి అంత శ్రమపడ్డ రెంటినీ మళ్లీ కలపడానికి కారణం హై ఎంట్రోపీ మిశ్రలోహాల ఆలోచన: ఒక లోహాన్ని ప్రధానంగా ఉంచి మిగిలినవాటిని చిటికెడు చేర్చే పాత పద్ధతిని వదిలి, నాలుగైదు లోహాలను సమాన సంఖ్యలో పరమాణువులుండేలా కలపడం. 2004లో తైవాన్‌లో యే, బ్రిటన్‌లో కాంటర్ అనే శాస్త్రవేత్తలు దీన్ని విడివిడిగా ప్రకటించారు. అంతకు ఏడాది ముందే బెంగళూరులో ఎస్. రంగనాథన్ ఈ దారిని గుర్తించి రాశారు. తరువాత ఐఐటీ హైదరాబాద్ డైరెక్టరైన బి. ఎస్. మూర్తి, యే, రంగనాథన్ కలిసి 2014లో ఈ విషయంపై ఒక గ్రంథం వెలువరించారు. చాలా ఎక్కువ వేడికి గాని కరగని లోహాలతో ఇదే పని చేసినవాడు అమెరికా వాయుసేన పరిశోధనశాలకు చెందిన సెన్‌కోవ్. 2011లో అతని బృందం వెల్లడించిన హాఫ్నియం, నియోబియం, టాంటలం, టైటానియం, జిర్కోనియం కూర్పే ఈ ముక్కకు రాసిపెట్టి ఉన్నది.

నీటితో చల్లబరిచే రాగి పళ్లెంలో, ఆర్గాన్ వాయువు మధ్య, విద్యుత్ ఆర్క్ కింద ఐదూ కరిగి యాభై గ్రాముల బిళ్ళ అయ్యాయి. టాంటలం కరిగేది 3017 డిగ్రీల సెల్సియస్ దగ్గర, టైటానియం 1668 దగ్గరే కరుగుతుంది; అందుకే బిళ్ళను తిరగేస్తూ ఐదారుసార్లు కరిగించవలసి వచ్చింది. రాగికి ఆనిన అడుగువైపు గరుకుగా, పైవైపు అద్దంలా మెరుస్తూ తేలింది.

లోహం వంగడమంటే దాని స్ఫటికంలో డిస్లొకేషన్ అనే వరుస తప్పిన గీత కదలడం. పెద్ద జంపఖానాను ఒక్కసారిగా లాగలేక, మడతను ఈ కొస నుంచి ఆ కొసకు నెట్టినట్టు. పెద్దవైన జిర్కోనియం, హాఫ్నియం పరమాణువులు చిన్నవైన మూడింటి మధ్య ఇరుక్కుని ప్రతి వరుసనూ గతుకులమయం చేస్తాయి గనుక ఆ మడత సాఫీగా జరగదు. దీన్నే ఘనద్రావణ బలం అంటారు. సెన్‌కోవ్ బృందపు మిశ్రమం 929 మెగాపాస్కల్స్ ఒత్తిడి దాకా లొంగక నిలిచి, ఆపైన సగానికి పైగా అణిగినా పగలకపోవడానికి మూలం ముఖ్యంగా ఇదే.

రెండో బలం రేణువులది. ఒకే దిశలో పరమాణువులు పేర్చుకున్న ప్రతి ముక్క ఒక రేణువు, వాటి మధ్య గట్టు రేణు సరిహద్దు. డిస్లొకేషన్ ఆ గట్టు దగ్గర ఆగిపోతుంది. 1951లో హాల్, 1953లో పెచ్ చూపిన సూత్రం ప్రకారం రేణువు వ్యాసం నాలుగో వంతైతే సరిహద్దులిచ్చే బలం రెట్టింపవుతుంది. బిళ్ళను రెండుగా కోసి, ఒక సగాన్ని చల్లగానే రోలర్ల మధ్య నొక్కి 1000 డిగ్రీల దగ్గర కాల్చగా, పోతలోని ముతక రేణువుల స్థానంలో సన్నని కొత్తవి మొలిచాయి.

అయితే గది వేడి దగ్గర కొలిచిన బలాన్ని చూసి మురిసిపోవడం పొరపాటు. 1200 డిగ్రీలకు చేరేసరికి సెన్‌కోవ్ బృందపు మిశ్రమం బలం 92 మెగాపాస్కల్స్‌కు పడిపోయింది. ఆ వేడిలో గట్లే జారుడు బాటలవుతాయి, సన్నని రేణువులు మేలు చేయకపోగా కీడు చేస్తాయి. 2010లో అదే బృందం చేసిన నియోబియం, మాలిబ్డినం, టాంటలం, టంగ్‌స్టన్ మిశ్రమం 1600 డిగ్రీల వద్ద కూడా 405 మెగాపాస్కల్స్ బలం నిలుపుకుంది గాని, మామూలు వేడిలో పెళుసు. జెట్ ఇంజన్ కోరేది వేడిలో నిలిచే బలాన్నీ, పగలకుండా వంగే గుణాన్నీ ఒకేచోట.

మిగిలిన సగం బిళ్ళను 600 డిగ్రీల కొలిమిలో రోజుల తరబడి ఉంచారు. మెరుగుపెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తే రేణు సరిహద్దుల వెంట కొత్త పొర కనిపించింది: మిగిలిన మూడింటినీ వదిలి, జిర్కోనియం హాఫ్నియంతో కలిసి అక్కడ చేరింది.