బావమరిది స్వదేశీ ఉద్యమం

మొన్న ఆదివారం మా బావమరిది భోజనానికొచ్చాడు. బిర్యానీ అయ్యాక ఫ్రిజ్‌లోంచి కోక్ సీసా తీశానో లేదో, చెయ్యి అడ్డం పెట్టాడు. "విదేశీ సరుకు నేను ముట్టను బావా. థమ్సప్ తెప్పించు. అది మనది!"

పిల్లాణ్ణి సందు చివరి కొట్టుకి పరిగెత్తించాం. మూత తిప్పితే సీసా బుస్సుమంది, రెండు గుక్కలకి బావమరిది బ్రేవుమన్నాడు. స్వదేశీ ఉద్యమం ముగిసింది. ఆ సీసా లేబుల్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో కోకకోలా పేరు ఉంటుంది. అది చదవడానికి దేశభక్తి చాలదు, కళ్లజోడు కావాలి.

1977లో జనతా ప్రభుత్వం కోకకోలాని వాటా తగ్గించుకోమంది, ఫార్ములా చెప్పమంది. వాళ్లు మూటాముల్లే సర్దుకుని పోయారు. ఆ ఖాళీలోకి సర్కారువారే దిగి, మైసూరు శాస్త్రవేత్తల చేత ఫార్ములా చేయించి, డబుల్ సెవెన్ అనే కోలా తెచ్చారు. రేషన్ కార్డు మీద ఇవ్వలేదు గనుక బతికిపోయాం. జనం దాన్ని పట్టించుకోలేదు. పార్లే చౌహాన్‌గారి థమ్సప్ మాత్రం అందుకుంది. 1993లో కోకకోలా తిరిగొచ్చి దాన్ని కొనేసింది. కొన్నాక మూలన పడేసి, మన చేత కోకే తాగించాలని చూసిందని వ్యాపారులు చెప్పుకుంటారు. మనవాళ్లు వింటేనా? కొట్టు ముందు నిలబడి థమ్సపే అడిగారు. అప్పటికి అట్లాంటాలోని కోకకోలావారికి అర్థమైంది: చక్కెర నీళ్లతో పాటు ఈ మొండి స్వాభిమానాన్ని కూడా సీసాలో పోసి అమ్ముకోవచ్చని. ఇక చిరంజీవి, మహేష్‌బాబు వరసగా ఆ సీసా పట్టుకున్నారు. మన రోషం, మన హీరోలు, మన గొంతులు. గల్లాపెట్టె మాత్రం వాళ్లది.

"అయితే కాంపా తాగుతా" అన్నాడు బావమరిది, ఏమాత్రం తగ్గకుండా. 2022లో రిలయన్స్ కొని, మరుసటేడు ముందుగా మన రెండు రాష్ట్రాల్లోనే దింపిన అచ్చ భారతీయ కాంపా! దాన్ని పుట్టించింది ప్యూర్ డ్రింక్స్‌వారు. 1977 దాకా ఈ దేశంలో కోకకోలా సీసాల్లో నింపి అమ్మిందీ వాళ్లే. దొరగారు ఊరు విడిచి వెళ్లగానే దివాణం గుమస్తా అదే కుర్చీలో కూర్చుని, తలపాగా చుట్టుకున్నాడన్నమాట. ఆ పాత కాంపా సీసా మీద రాత వంపులు చూస్తే దొరగారి దస్తూరీ ఇట్టే గుర్తొస్తుంది.

బావమరిది కాసేపు సీసా వైపు గుర్రుగా చూశాడు.

"ఇవన్నీ ఎందుకు బావా, మన గోలీసోడా ఉండగా! అదీ అసలు సిసలు మన నేల సరుకు."

గోలీ ఉన్న ఆ సీసాకి 1870లలో పేటెంటు తీసుకున్న హైరమ్ కాడ్ ఇంగ్లీషువాడని చెబుదామని నోరు తెరిచాను. అంతలో మా ఆవిడ కళ్లెర్రజేసింది. ఎంతైనా తమ్ముడు కదా. మిగిలిన థమ్సప్ అతని గ్లాసులో పోసి ఊరుకున్నాను.