ముందు ఎడమ టైరు

హ్యూస్టన్ శివార్లలో ఒక టైరు షాపు వెనక, కంచె పక్కన పడున్నాను. రాత్రి వాన పడింది. నా కడుపులో నాలుగు దోసిళ్ళ నీళ్ళు నిలిచాయి.

పుట్టుక గురించి చెప్పుకునేంత ఏం లేదు. రబ్బరు, మసి, ఉక్కు తీగలు, గంధకం, అచ్చులో కాసేపు ఉడుకు. ఆ తర్వాత రివియన్ ఆర్1టి అనే ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కుకి ముందు ఎడమ వైపు బిగించారు. బండి బరువు దాదాపు 3,200 కిలోలు. చక్రానికొకటి చొప్పున నాలుగు మోటార్లు, మొత్తం 835 గుర్రాల బలం. అన్ని గుర్రాలూ కలిసి తొక్కేది మా నలుగురి వీపుల మీదే. నేలకి ఆనేది ఒక్కొక్కరిలో మహా అయితే రెండు అరచేతులంత.

శనివారం రాత్రి మావాడు, అంటే బండి యజమాని, డ్రాగ్ స్ట్రిప్‌కి తోలుకెళ్ళేవాడు. పందెం పావు మైలు, అంటే 402 మీటర్లు. పక్క వరుసలో వీ8 కారు గర్జిస్తూ టైర్లు కాల్చి పొగ లేపేది. మేం చప్పుడు చెయ్యకుండా నిలబడేవాళ్ళం. పసుపు దీపాలు ఒకదాని కింద ఒకటి వెలుగుతాయి, ఆపైన పచ్చది. పెట్రోలు ఇంజను తిరిగి తిరిగి బలం పుంజుకోవాలి. మోటారుకి ఆ బాధ లేదు, తొక్కీ తొక్కగానే బలమంతా చేతికొస్తుంది. బండి ముక్కు లేచి బరువు వెనక్కి పోతుంది. నేను తేలికైపోయి, పట్టు కోసం నేలని గీరుకుంటాను. గంటకు 60 మైళ్ళు అందుకోవడానికి మూడు సెకన్లు. మోటర్‌ట్రెండ్ పత్రిక పరీక్షలో మా జాతి బండి పావు మైలుని 11.6 సెకన్లలో దాటింది. ఉన్నమాట చెప్పాలి, 110 మైళ్ళ ప్రాంతంలో మాకు కళ్ళెం పడుతుంది. మొదటి 60 అడుగుల్లో సంపాదించుకున్నదే మా ఆస్తి.

పందెమయ్యాక చీటీ ఇస్తారు. రియాక్షన్ టైము, 60 అడుగులు, 330 అడుగులు, పావు మైలు, వేగం. మావాడు దాన్ని ఫొటో తీసి "బ్యాటరీ దెబ్బ చూశావా!" అని స్నేహితులకి పంపేవాడు. టైరన్న మాట వాడి నోట ఒక్కనాడూ వినలేదు.

ఆ పందేల్లో అరగడం నాకు కష్టమనిపించలేదు. ఆఫీసు రోజులే ప్రాణం తీశాయి. ఛార్జింగు మిగులుతుందని కన్జర్వ్ మోడ్‌లో వెళ్ళేవాడు. అందులో బండిని లాగేవి ముందు చక్రాలే. వారంలో ఐదు రోజులు నేనూ, నా కుడి పక్కవాడూ చాకిరీ చేస్తుంటే వెనకవాళ్ళు హాయిగా దొర్లేవాళ్ళు. ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్పిస్తే సరిపోయేది. ఒక్కసారీ మార్పించలేదు. గాలి తగ్గిందని తెర మీద గుర్తు వెలిగితే వేలితో తోసేసేవాడు.

చివరికి షాపువాడు నా గాడిలో పెన్నీ నాణెం తలకిందులుగా గుచ్చి చూశాడు. లింకన్ తల మొత్తం బయటే ఉంది, అంటే నా పని అయిపోయినట్టే. లోపలి అంచు అప్పటికే గుండు. "నాసిరకం టైర్లు" అన్నాడు మావాడు. వెనకవాళ్ళు విన్నారు, కిక్కురుమనలేదు. నన్ను విప్పి ఈ కంచె పక్కన పడేశారు.

ఆసియా పులిదోమ ఈ దేశంలో కాపురం పెట్టిందని 1985లో మొదట కనిపెట్టింది ఈ హ్యూస్టన్‌లోనే. పాత టైర్లలో నిలిచిన నీళ్ళలోనే అది సముద్రం దాటి వచ్చిందంటారు. నా నీళ్ళలోనూ పొద్దుటి నుంచి ఏవో కదులుతున్నాయి. ఇటుగా వచ్చేవాళ్ళెవరైనా నన్ను కాస్త ఎత్తి, ఈ నీళ్ళు పారబొయ్యండి.