డ్రోన్ ఎగిరింది, ఆవు కనపడలేదు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వ్యాపారులను మోసం చేయడం అంత తేలిక కాదు. క్రేటు అడుగున చెయ్యి పెట్టి కాయ తీసి చూడందే టమాటాకు ధర కట్టరు. పళ్లు చూడందే ఆవును కొనరు. నీళ్లు చల్లి పగుళ్లు వెతకందే గ్రానైట్ పలకను లారీ ఎక్కించరు. ఇంతటి మహానుభావులు తమ వ్యాపారానికి వీడియో తీసే కంపెనీ కుర్రాడు రాగానే అడిగేది మాత్రం ఒకటే: "డ్రోనుందా అబ్బోడా?" ఉందంటే చాలు, అడ్వాన్సు చేతిలో పడుతుంది.

పుంగనూరు ఆవు నెయ్యి అమ్మే వ్యాపారి సంగతే చూడండి. ఆ ఆవు ఎత్తు సుమారు 3 అడుగులు. 2021 డ్రోన్ నిబంధనలు గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా ఎగరనిస్తాయి. కుర్రాడు ఆ హక్కును ఒక్క అడుగు కూడా వదులుకోలేదు. కొండలొచ్చాయి, చెరువొచ్చింది, యజమాని కొత్త మేడా దాని మీది నీళ్ల ట్యాంకూ వచ్చాయి. ఆవే రాలేదు. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపిస్తే దేశమంతా చూసి మురిసింది. ఎందుకంటే అక్కడ ఆవు కనిపించింది.

కుప్పం గ్రానైట్ ఆసామిది ఇంకో ముచ్చట. కొనేవాడికి కావలసింది రాతి రంగు, మందం, పాలిష్. వీడియోలో ఉన్నది నల్ల కళ్లద్దాలతో స్లో మోషన్‌లో నడిచొచ్చే ఆసామి. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి కదా, వాయిస్ ఓవర్ తెలుగా, తమిళమా, కన్నడమా అని ఇంట్లో పెద్ద చర్చ నడిచింది. చివరికి ఆ మూడు భాషలవాళ్లకీ అర్థం కాని ఇంగ్లీషు ఖాయమైంది.

మదనపల్లె టమాటా వ్యాపారి 2023 జులైలో షూటింగ్ పెట్టించాడు. అప్పుడు కిలో వంద దాటింది, కాయా కళగా ఉంది, యజమానీ కళగా ఉన్నాడు. "రెండు వారాల్లో ఇస్తాం సార్" అన్న ఎడిటింగ్ సెప్టెంబరుకు తెమిలింది. ఆపాటికి ధర నేలకు దిగింది. తెర మీద నవ్వుతున్న తనను చూసుకుని ఆయనకే ఒళ్లు మండింది.

తప్పంతా కుర్రాళ్లదే అనలేం. వాళ్లు పెళ్లిళ్లు తీసి చేయి తిరిగినవాళ్లు. సిల్వర్, గోల్డ్, ప్లాటినం ప్యాకేజీలు పెళ్లివే. వ్యాపార వీడియోలోనూ కొత్త మిషన్ మీద పూలరేకులు రాలేదీ, మేనేజరూ యజమానీ ఒకరినొకరు చూసుకుని సిగ్గుగా నవ్వేదీ ఆ అలవాటు కొద్దీనే.

హక్కుల మాట ఎవరూ ఎత్తరు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న చిత్రానికి వేరే ఒప్పందం లేకపోతే తొలి హక్కుదారు తీయించుకున్నవాడే. ఆ 'వేరే ఒప్పందం' కొటేషన్ వెనక పేజీలో భూతద్దానికి కూడా అందని అక్షరాల్లో ఉంటుంది. రా ఫుటేజ్ అడిగితే ఇంకో బిల్లు. వెనక హుషారుగా సినిమా పాట వేయించుకుంటే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ ఉచితం.

కనుక వ్యాపార సోదరులారా, టమాటాకు చూపించే అనుమానంలో పావు వంతు వీడియో కంపెనీ మీద కూడా చూపించండి. ఈ వీడియో చూసేదెవరు, చూసి ఏం చేయాలి, మార్పులు ఎన్నిసార్లు చేస్తారు, ఆలస్యమైతే ఎంత తగ్గిస్తారు? ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. అంతకుముందు వాళ్లు వేరే వ్యాపారికి తీసిన వీడియో చూడండి. ఆ సరుకు కొనాలనిపిస్తే అడ్వాన్సు ఇవ్వండి. ఎవరినైనా పెళ్లి చేసుకోవాలనిపిస్తే మాత్రం, వాళ్ల నంబరు ముహూర్తాల దాకా దాచుకోండి.