గానదాత

కలికిరి బస్టాండునకు చేరువలో సెల్‌ఫోను అంగడి నడుపుచు, పీలేరు మొదలు వాయల్పాడు వరకు తిరుగాడు ఆటోలకును, పొలము దున్ను ట్రాక్టర్లకును, పెండ్లి పందిళ్ళకును, భజన మందిరములకును పాటలు సమకూర్చి పెట్టు మా పాటలన్న తన జన్మమున ఒక్క పాటకైనను వెల యిచ్చి యెరుగడు; ఎరుగకపోవుటయే కాక, ఇచ్చువారు కనబడినచో, తిరునాళ్ళలో జేబు కత్తిరింపబడిన వానిని చూచినట్లు, జాలితో నాలుక చప్పరించును. ఇట్టివాడు రాయలసీమలో మండలమున కొక్కడైనను ఉండకపోడు; మా వంతునకు వచ్చినవాడు ఈయన.

ఆయన పని చేయు తీరు చూచి తీరవలసినదే. వచ్చినవాడు గోరంత మెమరీకార్డును పర్సు మడతలలో వెదకి వెదకి తీసి చేతిలో పెట్టగా, దానిని వెలుతురున కెత్తి చూచి, చొక్కా అంచున తుడిచి, ఉఫ్ఫని యూది, కార్డు రీడరులో దూర్చి, "పాతవా, కొత్తవా, దేవునివా?" అని గంభీరముగా ప్రశ్నించును. కార్డు నింపుటకు ముప్పది రూపాయలు. "పాటలకు కాదబ్బా, కరెంటుకు" అని ప్రతివానితోను చెప్పుట ఆయన వ్రతము. చట్టమునకు జడిసి చెప్పునో, ధర్మమునకు జడిసి చెప్పునో తెలియదు గాని, కరెంటు పోయి ఇన్వర్టరు మీద ఎక్కించిన నాడును ఆ ముప్పదియే పుచ్చుకొనును.

క్యాసెట్ల కాలమున మదనపల్లెలో ఒక రికార్డింగు సెంటరునందు, చీటీపై వ్రాసి తెచ్చిన పాటలను వరుస తప్పకుండ తొంబది నిమిషముల టేపులోని కెక్కించుచు ఈ విద్య నేర్చెను. పిదప సీడీలు వచ్చెను, పెన్‌డ్రైవులు వచ్చెను. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు అంగడి మూతబడునని దిగులు పడెను గాని, గుట్టల నడుమ సిగ్నలు నిలువని దారులు ఆయనను కాపాడినవి. 2020 జూనులో కేంద్రము నిషేధించిన చైనా యాప్‌లలో ఫోను నుండి ఫోనునకు పాటలు పంపు షేరిట్ కూడ నుండుట చూచి ఒక పూట అన్నము మానెనని ఆయన ఇల్లాలు చెప్పినది, నేను నమ్మితిని.

ఎంపీత్రీ ఫైలులో గాయకుని పేరునకు, సంగీత దర్శకుని పేరునకు, సంవత్సరమునకు వేర్వేరు గడులుండును. పాటలను ఊరక పంచు వెబ్‌సైట్లు ఆ గడులన్నిటను తమ పేర్లు నింపుకొనుట వాడుక. ఇది పాటలన్నకు పరమ దౌర్జన్యముగ తోచినది. కావున రాత్రి అంగడి మూసిన పిమ్మట దీపము పెట్టుకొని కూర్చుండి, ఆ పేర్లన్నిటిని ఓపికతో తుడిచివైచి, అచ్చట "పాటలన్న మొబైల్స్, కలికిరి" అని వ్రాయును. అంతటితో తృప్తి చెందక, ప్రతి పాట మొదటను తన కంఠముతో ఆ మాటనే పలికి చేర్చును. అందుచేత మా ఊరి ఆటోలలో ఘంటసాల గొంతు విప్పవలెనన్న ముందు పాటలన్న ముగించువరకు వేచియుండవలెను; స్టీరియో మీది చిన్న నీలితెరపై గాయకుడుగా పారునదియు పాటలన్న పేరే.

బడిపంతులుగ విరమించి అర్జీలు వ్రాసి పెట్టుచు కాలము గడుపు నాకు, ఆయనతో న్యాయచర్చ యొక వ్యసనమైనది.

"1957 నాటి కాపీరైటు చట్టంలో యాబైరెండో సెక్షను ఉండాది అయివారూ. సొంతానికి వినుకోవచ్చు" అనును.

"సొంతానికి సరేనప్పా, ఆటో ఎక్కినవాళ్ళంతా వింటా ఉండారే?"

"వాళ్ళు మాత్రం ఊరోళ్ళ కోసరం వింటారా? ఎవురి సొంతానికి వాళ్ళు వింటారు!"

అరువదిమూడవ సెక్షను ప్రకారము ఆరు మాసములు మొదలు మూడేండ్ల వరకు ఖైదును, ఏబదివేలు మొదలు రెండు లక్షల వరకు జరిమానాయు గలవనియు, ఇది పోలీసులు వారంటు లేకయే పట్టుకొనదగిన, బెయిలు హక్కు లేని నేరమని 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చినదనియు వివరింపగా, ఆయన లేచి ఫ్యాను వేగము పెంచెను. అమెరికాలో ఇరువదినాలుగు పాటలు పంచుకొన్న ఒక స్త్రీకి 2007లో జ్యూరీ 2,22,000 డాలర్లు విధించినదని చెప్పగానే మాత్రము క్యాలిక్యులేటరు లాగుకొనెను. పాటకు 9,250. నాలుగు జీబీల కార్డునకు ఎనిమిదివందల పాటలనుకొన్నచో డెబ్బదినాలుగు లక్షల డాలర్లు. భయపడునని నేననుకొనుచుండగా ఆయన ముఖము వికసించినది. "అంటే, నా అంగట్లో అంత సరుకుండాదా!" ఆనాడు తూములేని చెరువంత నిండుతనముతో ఇంటికి పోయెను.

'మాయాబజార్' చిత్రము విడుదలైనదియు, చట్టము చేయబడినదియు ఒకే యేడు, 1957. రికార్డునకు హక్కు అరువదియేండ్లు. కావున ఆ యేటి రికార్డులపై హక్కు 2017తో తీరిపోయినదని మరియొకనాడు చెప్పితిని. పాటలన్న చప్పట్లు కొట్టెను. కాని సాహిత్యము వ్రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో గతించినందున ఆ మాటలపై హక్కు 2031 చివరివరకును, 1974లో గతించిన ఘంటసాల స్వరకల్పనపై 2034 చివరివరకును నిలుచునని చెప్పగా, కొట్టిన చేతులు అట్లే నిలిచిపోయెను.

"ఒక పాటకు ఇంతమంది భాగస్తులా? మా తాత భూమే నయం!" అని, కొంతసేపటికి బ్రహ్మాస్త్రము తీసెను. "రవీంద్రుడు 1919లో మదనపల్లె బిసెంటు కాలేజీలో జనగణమన పాడినాడే, టిక్కెట్టు పెట్టినాడా?"

పెట్టలేదు నిజమే. అయితే 1941లో గతించిన ఆ మహాకవి రచనలపై ఏబదియేండ్ల హక్కు 1991తో ముగియనుండగా, దానిని మరి పదియేండ్లు పొడిగింపవలెనని పుట్టిన సవరణ వలననే అందరికిని ఏబది అరువదియైనది. ఇది విని పాటలన్న నిర్ఘాంతపోయెను. "మన మదనపల్లెకు వచ్చిపోయిన పెద్దాయనేనా మనకు అడ్డం పడింది!"

2025 నవంబరులో సినిమాలను దొంగచాటుగ పంచు ఐబొమ్మ వెబ్‌సైటు నిర్వాహకుడన్న ఆరోపణపై ఒకరిని హైదరాబాదు పోలీసులు పట్టుకొన్న వార్త వచ్చినప్పుడు, "పాటలు ఎక్కించబడును" అను బోర్డు లోపలికి పోయి, "స్క్రీన్‌గార్డులు వేయబడును" అనునది బయటికి వచ్చినది. కొన్నాళ్ళకు రెండును ప్రక్కప్రక్కనే నిలిచినవి. పాటకు వెల యీయడు గనుక ఆయన పిసినారి యనుకొనరాదు సుమా! 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో కిలో టమోటా రెండువందల దరిదాపునకు పోయిన దినములలో గీచిగీచి బేరమాడక కొన్నవాడు. "రైతు కష్టం అయివారూ" అని నాకే బుద్ధి చెప్పినవాడు.

మొన్న ఒక సాయంకాలము కండ్లెర్రజేసికొని వచ్చి, తెల్లకాగితము నా ముందు పరచెను. ఇంజనీరింగు చదువు కుర్రవా డొకడు పెన్‌డ్రైవులో ఆయన ఫోల్డరు మొత్తము ఎక్కించుకొని పోయి, ప్రతి పాట మొదట నున్న ఆయన కంఠమును కత్తిరించి, గడులలోని పేరు చెరిపి తన పేరు వ్రాసికొని, హాస్టలంతయు ఊరక పంచిపెట్టుచున్నాడట.

"దొంగతనం కాదా ఇది? ఎన్ని రాత్రుల కష్టం! రాయండి అయివారూ, అర్జీ. ఏ సెక్షనైతే ఆ సెక్షను!"

"అరువదిమూడు సరిపోవును" అంటిని.

"బెయిలు లేనిదేనా?"

"అదే."

"అదే రాయండి."

తేదీ వేసితిని, ఊరి పేరు వేసితిని, అపహరింపబడిన సొత్తు వివరము వ్రాసితిని. ఆ సొత్తునకు హక్కుదారు డెవరని వ్రాయవలెనో చెప్పుమని కలము నిలిపితిని. పాటలన్న కొంత తడవు పైకప్పు చూచెను, మీసము దువ్వుకొనెను, తుదకు గొంతు తగ్గించి యడిగెను:

"ఘంటసాల మాస్టారి తరపున నేను పెట్టినట్లు రాస్తే చెల్లదా అయివారూ?"