ముసలి గుర్రానికి యజమాని ఎవరు?

ఇప్పుడు గుర్రం కావలసింది పెళ్లికొడుకు ఊరేగింపుకే. తురాయి కట్టి, మఖ్మల్ గుడ్డ కప్పి, డీజే పెట్టెల పక్కన నిలబెడతారు. ఆ గుడ్డ కింద పక్కటెముకలు ఎలా తేలాయో, ముందుకాళ్లు ఎందుకు చాచి వెనక్కి ఒరిగి నిలబడిందో చూసే నాథుడు లేడు. పశువైద్యంలో జీవితం గడిపినవాణ్ణి, నా కన్ను ముందు గిట్టల మీదికే పోతుంది. కడుపు మండిపోతుంది.

మా రోజుల్లో రైల్వేస్టేషను బయట జట్కాలు బారులు తీరేవి. ఆ కాలమంతా బంగారమని నేననను. కొరడాతో చావబాదినవాళ్లూ, మోయలేనంతమందిని ఎక్కించినవాళ్లూ అప్పుడూ ఉన్నారు. కానీ తన గుర్రానికి ఏమవుతోందో జట్కా సాయిబుకి తెలిసేది. ఉలవ గుగ్గిళ్లు తొట్టిలో మిగిలితే తెలిసేది. సగం నమిలిన గడ్డి ఉండలుగా కింద పడుతుంటే పళ్లు అరిగిపోయాయని తెలిసేది. పొద్దున్నే ఆసుపత్రికి నడిపించుకొచ్చి, "రాత్రి లేవడానికి నానా అవస్థా పడిందండీ డాక్టరుగారూ" అనేవాడు. సగం రోగం ఆ ఒక్క మాటతోనే తెలిసిపోయేది.

ఇప్పుడు ఫోనుకి వీడియో వస్తుంది. "సార్, చూసి మందు చెప్పండి." అందులో ఏం చూడమంటారు? చిగురు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. గిట్ట పైన నాడి ఎంత గట్టిగా కొట్టుకుంటోందో వేలు ఆనించి చూడాలి. డొక్కలో పేగుల చప్పుడు వినాలి. నింపాదిగా నిలబడ్డ గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. అది 80 దాటి, చిగుళ్లు ఊదారంగుకి తిరిగితే ఇక మాట్లాడుకోవలసింది మందు గురించి కాదు.

ఇరవై ఏళ్లు దాటిన గుర్రం ముసలిదే. దానికి వాంతి చేసుకునే వీలు దేవుడివ్వలేదు. పేగు మెలిపడితే ఆపరేషను తప్ప దారి లేదు, ఆ సౌకర్యం మన చిన్న ఊళ్లకు ఈనాటికీ దూరమే. లామినైటిస్ ఇంకా ఘోరం. లోపలి ఎముకని గిట్టకి పట్టి ఉంచే పొరలు వాచి ఊడిపోతాయి. ముదిరితే ఎముక కిందికి తిరిగి అరికాలునే పొడుచుకొస్తుంది. పోనీ పడుకోబెట్టి సేవ చేద్దామా అంటే, నాలుగు వందల కిలోల ఒళ్లు తన ఊపిరితిత్తుల్నీ కండల్నీ తానే నలిపేసుకుంటుంది. మంచం పట్టిన మనిషికి చేసినట్టు దానికి చేయలేం.

అలాంటి గుర్రానికి నొప్పి తెలియకుండా ఫినైల్‌బ్యూటజోన్ వేసి ఊరేగింపుకి తోలుతున్నారు. నొప్పి తగ్గింది కదా అని నడుస్తుంది, నడిచినకొద్దీ లోపల దెబ్బ ముదురుతుంది. బాగు చేయడానికి వాడవలసిన మందుని బాడుగ కోసం వాడితే దాన్ని వైద్యమని ఎలా అంటాం?

ఇంజెక్షనుతో నొప్పిలేకుండా పంపిద్దామంటే "పాపం కదండీ" అంటారు. ఆ అన్నవాళ్లే తెల్లారేసరికి దళారికి అమ్మేస్తారు, లేదా ఊరి బయట వదిలేస్తారు. ఆకలికి, దాహానికి వదిలేయడం పాపం కాదా? ప్రేమకొద్దీ సెలైన్ల మీద రోజులు పొడిగించేవాళ్లూ ఉన్నారు. వాళ్లది ప్రేమే, కాదనను. కానీ తినక, తనంతట తాను లేవలేక, ఒరుసుకుపోయిన పుండ్లతో పడున్న జీవికి ఆ రోజులు దేనికి?

1960 నాటి జంతుహింస నివారణ చట్టం పనికిరాని ముసలి పశువుతో పని చేయించడాన్నీ, ఆకలికి వదిలేయడాన్నీ నేరమంది. మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయల నుంచి యాభై వరకు! బాగుపడే ఆశలేని పశువుకి యజమాని దగ్గర లేకపోయినా, ఒప్పుకోకపోయినా ఏం చేయాలో 13వ సెక్షను చెబుతుంది: కానిస్టేబుల్ కంటే పైస్థాయి పోలీసు పశువైద్యాధికారిని పిలవాలి, ఆయన ధ్రువీకరించాలి, మేజిస్ట్రేటు ఉత్తర్వివ్వాలి. యజమాని బాధ్యత తీసుకుంటే ఈ తతంగమంతా ఎందుకు? మేపినవాడు పక్కన ఉండాలి, అతనే సరేననాలి. ఆ సరే కూడా గుర్రం ఇంకా నడవగలిగినప్పుడే అనాలి.

మా రోజుల్లో సాయిబు తన గుర్రం తలతాడు తానే పట్టుకునేవాడు. నేను చూసిన ఒకాయన ఆ పొద్దున అది తిన్నంత గుగ్గిళ్లు తన చేత్తోనే పెట్టాడు. మెడ నిమురుతూనే ఉన్నాడు. అప్పట్లో క్లోరల్ హైడ్రేట్‌తో మత్తిచ్చి పని కానిచ్చేవాళ్లం. ఇప్పుడు ఇంతకంటే మంచి మందులున్నాయి: ముందు మత్తు, తర్వాత మెడ నరంలోకి బార్బిట్యురేట్. గుండె ఆగిందని స్టెతస్కోపుతో విని, కంటి పాప తాకి చూసుకుని గాని డాక్టరు లేవకూడదు. జతగుర్రం ఉంటే దాన్ని కాసేపు వాసన చూడనివ్వండి. లేకపోతే రోజుల తరబడి సకిలిస్తూ వెతుక్కునేవి ఉంటాయి.

గొయ్యి ముందే తవ్వించండి, అంతబరువు కళేబరాన్ని తర్వాత ఈడ్చుకెళ్లడం ఎవరితరమూ కాదు. గుర్రాన్ని దాని దగ్గరికే నెమ్మదిగా నడిపించండి. లోతుగా పూడ్చండి. ఆ మందున్న మాంసం కుక్క తిన్నా రాబందు తిన్నా చస్తుంది. జేసీబీ వాడికి ముందురోజే చెప్పండి, డాక్టరుగారిని పొద్దుటిపూటకే పిలవండి. తలతాడు మాత్రం కూలివాడి చేతికివ్వకండి.