హెచ్‌డీ పరుడు

మొత్తానికి బొమ్మలను హెచ్‌డీ చేసే యంత్రం వచ్చేసింది. ఇక వేలితో ఒక్కసారి నొక్కితే చాలు, ఎంత మసకబారిన బొమ్మయినా 4కే అయిపోతుందట. మా డీటీపీ సందులో వారంరోజులుగా ఇదే పారాయణం. ఇన్నేళ్లుగా కంట్రోల్, షిఫ్ట్ మీటలు అరగదీసిన మాబోటివాళ్లం ఇక దుకాణం కట్టేసి కాశీకి పోవచ్చు.

మొన్న ఓ పెళ్లిపెద్ద వచ్చారు. కోరల్‌డ్రాలో చేసిన స్వాగత ఫ్లెక్సీ డిజైన్ని జేపీజీగా దించి, వాట్సాప్‌లో తోసి, అందులోంచి స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని మళ్లీ వాట్సాప్‌లో తోసి, చివరికి ఆ కొత్త యంత్రం చేత దీవెనలు ఇప్పించి నాకు పంపారు. "హెచ్‌డీ చేయించానండీ, పది అడుగులకు కొట్టేయండి" అన్నారు.

చూశాను. అక్షరాలు అద్దంలా మెరుస్తున్నాయి. చదివితేనే తంటా. వరుడు అని ఉండాల్సినచోట పరుడు అని ఉంది.

యంత్రాన్ని తిట్టి లాభం లేదు. వ తలకట్టు ఒంటికి అంటుకుని ఉంటుంది, ప తలకట్టు విడిగా నిలబడుతుంది. మధ్యలో ఉన్నది వెంట్రుకవాసి సందు. వాట్సాప్ రెండుసార్లు నమిలాక ఆ సందు ఉందో లేదో దేవుడికే తెలియాలి. యంత్రం ఊహించింది. పోయిన చుక్కలచోట ఏముండొచ్చో ఊహించి గీయడమే దాని పని. లక్ష్మి కింద మ వత్తు దానికి మరకలా కనిపించిందేమో, తుడిచేసింది. ధ కింద గీత కూడా అంతే, దుమ్మే. ఆహ్వానంలోని హ్వ ఏ లిపిలోకి వలసపోయిందో నాకు అంతుపట్టలేదు. పూర్వం మసగ్గా ఉంటే కనీసం అనుమానం వచ్చేది, కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివేవాళ్లం. ఇప్పుడు తప్పుకు కూడా అంచులు పదునుగా ఉంటున్నాయి!

అదే ఫ్లెక్సీలో ఉన్న తాతగారి ఫొటోలో పుట్టుమచ్చ పోయి పాతికేళ్లు తగ్గాయి. అది వేరే సంగతి.

నాకు చేరేసరికి బొమ్మ పొడవు 1600 పిక్సెళ్లే. పది అడుగులంటే 120 అంగుళాలు. అంగుళానికి పదమూడు చుక్కలు. చేత్తో పట్టుకుని చదివే శుభలేఖకు 300 అడుగుతాం. దూరంనుంచి చూసే ఫ్లెక్సీకి అన్ని అక్కర్లేదు, నిజమే. కానీ పదమూడు చుక్కలతో ముగ్గు పెట్టొచ్చు గానీ పేరు రాయలేం.

నా కోపం యంత్రం మీద కాదు. కోరల్‌లో అక్షరం గీతగా ఉంటుంది. గోరంత చేసినా గోడంత చేసినా అంచు చెదరదు. దాన్ని చేతులారా జేపీజీ చేయడమేమిటి? జేపీజీ బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా కోసి, కంటికి ఆననిదనుకున్నదంతా పారేస్తుంది. ముందు దెబ్బతినేది అక్షరం అంచే. పిండి పట్టించాక బియ్యం తిరిగిరావు.

ఫాంటు భయమంటారు. అవతలి కంప్యూటర్లో అను ఫాంటు లేకపోతే పెళ్లికూతురి పేరు ఇంగ్లీషు అక్షరాల చెత్తగా మారుతుందని. భయం సబబే. మందు మాత్రం అదే కోరల్‌లో ఉంది కదా! అక్షరాలను పట్టుకుని కంట్రోల్ క్యూ కొడితే కర్వులైపోతాయి, ఇక ఏ ఫాంటూ అక్కర్లేదు. పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే ఒక్క చుక్క తగ్గదు. రెండు మీటలు, ఒక అటాచ్‌మెంటు. ఈ మాత్రం దానికి బద్ధకించి, గంటసేపు యంత్రం ముందు పూజ చేయడం దేనికి? జేపీజీనే పీడీఎఫ్‌లో చుట్టి "పీడీఎఫ్ పంపాగా" అని దబాయించే వాళ్లున్నారు. ఫొటోషాప్‌లో రిజల్యూషన్ దగ్గర 72 కొట్టేసి 300 అని టైపు చేసి క్లారిటీ పెంచామనేవాళ్లున్నారు. వాళ్ల సంగతి ఇంకోవారం.

అసలు ఫైలు పంపండి మహాప్రభో అన్నాను. "హెచ్‌డీనే పనికిరాదంటే మీకు పని రాదన్నమాట" అని లేచి, ఇంకో షాపుకు పోయారు. వాళ్లు మారుమాట్లాడకుండా కొట్టిచ్చారు. ఫంక్షన్ హాలు గేటుకు కట్టారు. ఊరంతా చదివింది.

రెండో ఫ్లెక్సీ నేనే వేశాను, కర్వులు చేసిన ఫైలుతో. డబ్బులు పరుడుగారే ఇచ్చారు.