బదిలీ మాత్రం ఆమెకే

కరీంనగర్ ఆఫీసుల్లో ఆదిలాబాద్‌ను జిల్లాగా కంటే శిక్షగానే ఎక్కువమంది ఎరుగుదురు. పై అధికారికి ఎదురుచెప్పినవాణ్ణి అటు తోలడం పాత అలవాటు. ఇప్పుడు ఆ బస్సులో ఇంకొకరికి కూడా సీటు దొరికింది: సారు మీద ఫిర్యాదు చేసిన మేడమ్‌కు.

రాత్రి పదకొండుకు సారు పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు ఆమె చూపిస్తే, "నీ మంచికే చెప్తున్న బిడ్డా, కొన్నొద్దులు ఆసిఫాబాద్‌ల ఉండు" అంటారు పెద్దలు. విచారణ నడుస్తుండగా ఆమె రాతపూర్వకంగా అడిగితే ఆమెనో, అతన్నో బదిలీ చేయొచ్చనీ, ఆమెకు మూడు నెలల వరకు సెలవు ఇవ్వొచ్చనీ అంటోంది పనిచోట లైంగిక వేధింపుల చట్టం. ఉత్తర్వు టైపయ్యేసరికి ఆ "అడిగితే" ఎక్కడో జారిపోతుంది. పోనీ, ధైర్యం చేసి సారునే పంపారనుకోండి, ఆసిఫాబాద్ ఆడవాళ్లు చేసిన పాపమేమిటో అందులో ఎవరూ రాయరు.

ఆ చట్టం ఊరికే రాలేదు. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని అడ్డుకోబోయిన భన్వరీదేవి మీద 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. ఆ ఉదంతం నుంచే 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు వచ్చింది. చట్టానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. దాని ప్రకారం పదిమంది పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి, సీనియర్ ఉద్యోగిని అధ్యక్షురాలు కావాలి, సభ్యుల్లో కనీసం సగం ఆడవాళ్లు, బయటి నుంచి ఒకరు. మనవాళ్లు తెలివిమంతులు. తనిఖీకి ముందురోజు అటెండరమ్మను సభ్యురాలిని చేస్తారు. "కమిటీల ఏం జేస్తవమ్మా?" అంటే "సంతకం పెట్టుమన్నరు, పెట్టిన" అంటుంది. బయటి సభ్యుడు సారు బామ్మర్ది. ఎప్పుడూ బయటే తిరుగుతుంటాడు కాబట్టి అర్హత ఉన్నట్టే. మార్చి 8న ముగ్గులపోటీ పెట్టి, స్త్రీని పూజించే దేశం మనదని సారే ఉపన్యాసం దంచుతాడు.

ఇదంతా కుర్చీలున్న ఆడవాళ్ల గోస. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చుట్టే ఆమెకు ఇల్లే కార్ఖానా. చాటలో తెచ్చిన బీడీల్లో ఎన్ని లెక్కకొస్తాయో, ఎన్ని పారేయాలో టేకేదారు దయ. ఆ దయకు ఒక్కోడు ఏం ధర అడుగుతాడో ఆమెకూ తెలుసు, వెనక నిలబడ్డ ఆమెకూ తెలుసు. ఉట్నూరు అడవుల్లో ఎండాకాలం తునికాకు కల్లం దగ్గరా కట్టలు లెక్కబెట్టేవాడిదే రాజ్యం. గడీల కాలంలో దొర బిడ్డ అత్తారింటికి పోతే వెంట ఆడబాప అనే దాసిని పంపేవారు. ఆమెకు జీతం లేదు, మొరపెట్టుకునే దిక్కూ లేదు. గడీలు కూలాయి గానీ, ఆడదాన్ని సొత్తుగా చూసే ఆ చూపు కొందరికి వారసత్వంగా అందింది.

ఇలా కుర్చీలు లేని ఆడవాళ్ల కోసమే జిల్లాకో స్థానిక కమిటీ వేయమంది చట్టం. పదిమంది కంటే తక్కువున్న చోటైనా, ఇళ్లల్లో పనైనా, యజమాని మీదే ఫిర్యాదైనా అక్కడికే పోవాలి. ఆమెకు రాయరాకపోతే రాసుకోవడానికి కమిటీయే సాయం చేయాలి. గిరిజన మండలాల్లో సైతం ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో పైకి పంపే నోడల్ అధికారి ఉండాలి. 2016లో కొత్త జిల్లాలు పుట్టాక పాత కరీంనగర్, ఆదిలాబాద్‌ల వాటాకు ఎనిమిది కలెక్టరేట్లు వచ్చాయి. స్థానిక కమిటీ ఎక్కడని ఏ గేటు దగ్గరైనా అడిగి చూడండి. "ఆధార్ తెచ్చినవా అమ్మా?" అంటారు.

ఈ సంబడం చూసి సుప్రీంకోర్టు 2023 మేలో గట్టిగానే మందలించింది. 2024 డిసెంబరులో, అంటే చట్టం అమల్లోకి వచ్చిన దాదాపు 11 ఏళ్లకు, జిల్లా అధికారులను నియమించండి, కమిటీలు వేయండి అని గడువులు పెట్టాల్సి వచ్చింది. బాధితురాలికి మాత్రం గడువు మొదటి నుంచీ ఉంది: ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. తగిన కారణం చూపితే ఇంకో మూడు నెలలు.

కమిటీ వేయని యజమానికి 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది. కమిటీ ఉత్తర్వును అందరికీ కనబడేలా పెట్టాలని కూడా చట్టంలోనే ఉంది. రేపు ఆఫీసుకు పోగానే గోడ చూడండి. సారు పుట్టినరోజు ఫ్లెక్సీ అడ్డముంటే కొంచెం పక్కకు జరిపి చూడండి.